‘సైనస్ జ్వరం’ అని వచ్చేవాళ్ళకి ఏం చెప్పాల? తెలిసినోళ్ళు వివరంగా రాయండి

కావలి_మందులషాపు

వానలు పట్టినకాడ్నించి కౌంటర్ దగ్గర ఒకటే మాట: ‘సైనస్ జ్వరం, ఏదైనా కోర్సు ఇవ్వండి’. నుదురు నొప్పి, ముక్కు దిబ్బడ, ఒళ్ళు కాలటం. పాత చీటీ చూపించి అజిత్రోమైసిన్ అడిగేవాళ్ళు కొందరు. నిరుడు మిగిలిన ఆగ్మెంటిన్ రెండు మాత్రలు వేసుకుని, ఇంకో నాలుగు ఇమ్మనేవాళ్ళు కొందరు. చీటీ లేకుండా యాంటీబయాటిక్ ఇవ్వం, అందులో మార్పు లేదు. కానీ ఊరికే ‘ఇవ్వం’ అంటే పక్క వీధికి పోతారు. కారణం చెప్పి పంపాల. ఏది ఉత్త పడిశం, ఏది నిజంగా సైనస్‌లో చీము, ఏ జ్వరానికి సైనస్ పేరు పెట్టకూడదు? రెండు నిమిషాల్లో జనానికి అర్థమయ్యేట్టు చెప్పటానికి సాయం చెయ్యండి.

ఈఎన్‌టీ_ఒంగోలు

మంచి ప్రశ్న వేశారు. సైనస్‌లంటే ముక్కు చుట్టూ ఎముకల్లో ఉండే గాలి గదులు. నాలుగు జతలు: చెంపల్లో, నుదుట్లో, రెండు కళ్ళ మధ్య, బాగా లోపల పుర్రె అడుగున. ఒక్కో గదికీ ముక్కులోకి సన్నటి దారి ఉంటుంది. లోపలి పొర మీద కంటికి కనిపించని నూగు జిగటని ఆ దారి వైపు నెడుతూ ఉంటుంది. చెంప గదికి ఆ దారి కింద లేదు, పైభాగాన ఉంది. అందుకే తల ఎత్తినంత మాత్రాన లోపలి నీరు కారిపోదు, నూగే పైకి ఎక్కించాలి. పడిశం వైరస్ చేసే పని రెండు రకాలు: పొరని వాపెక్కించి దారి మూస్తుంది, నూగుని పనిచెయ్యనివ్వదు. లోపల నీరు నిలుస్తుంది, బరువు, నొప్పి మొదలవుతాయి. ఇంతవరకూ బాక్టీరియా పాత్ర ఏమీ లేదు. యాంటీబయాటిక్‌కి ఇక్కడ పని లేదు.

పెద్దవాళ్ళలో ఇలాంటి పడిశాల్లో బాక్టీరియా చేరేది నూటికి రెండు లోపే. చేరిందని అనుమానించటానికి మూడు దారులు:

ఒకటి, పది రోజులు దాటినా ఏ మాత్రం తగ్గుముఖం లేకపోవటం. రెండు, మొదట్నుంచే 102 డిగ్రీలు, ఆపైన జ్వరంతో పాటు చీము లాంటి చీమిడి గానీ ముఖం నొప్పి గానీ మూడు నాలుగు రోజులు వరసగా ఉండటం. మూడు, అయిదారు రోజులకి తగ్గినట్టే తగ్గి మళ్ళీ జ్వరం, తలనొప్పి, చీమిడి తిరగబెట్టటం. కౌంటర్ దగ్గర మూడోదాన్ని తప్పకుండా అడగండి. ‘మధ్యలో బాగైందా?’ అన్న ఒక్క ప్రశ్న చాలా సంగతి చెబుతుంది.

చీమిడి పచ్చగా ఉందని కోర్సు మొదలుపెట్టటం మాత్రం మానాలి. ఆ రంగు మన తెల్ల కణాల్లోని ఎంజైముది. వైరస్ పడిశంలోనూ మూడో రోజుకి పచ్చబడుతుంది.

గూడూరు_ల్యాబ్

డాక్టరుగారు చెప్పిన రెండో దారి దగ్గర మన ప్రాంతంలో జాగ్రత్త పడాల. అక్టోబరు నించి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలే మనకి అసలు వానాకాలం. అప్పుడే డెంగీ, మలేరియా, స్క్రబ్ టైఫస్, ఎలుక జ్వరం. పడిశంతో వచ్చే సైనస్‌లో జ్వరం మామూలుగా 100, 101 దగ్గర ఆడుతుంది, చాలామందికి అసలుండదు. మొదటి రోజే 103 కొట్టి, కళ్ళ వెనక నొప్పి, నడుము నొప్పి ఉండి, ముక్కు మాత్రం శుభ్రంగా ఉంటే అది సైనస్ కాదు. డెంగీ నొప్పి కూడా నుదురు, కళ్ళ వెనకే. జనం తికమక పడేది అక్కడే.

పరీక్షల వరస కూడా రోజుని బట్టి మారుతుంది. డెంగీకి మొదటి అయిదు రోజులు ఎన్‌ఎస్1 (రక్తంలో వైరస్ ప్రోటీన్‌ని పట్టే పరీక్ష), ఆ తర్వాత ఐజీఎం (ఒంట్లో తయారైన యాంటీబాడీని పట్టే పరీక్ష). ఎనిమిదో రోజు ఎన్‌ఎస్1 ఒక్కటే చేయించి ‘డెంగీ లేదు’ అనుకుంటే మోసపోతారు. సీబీసీలో, అంటే రక్త కణాల లెక్కలో, తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు రెండూ పడిపోతుంటే సైనస్ మాట పక్కనబెట్టాల. ఒక్క వైడాల్ పాజిటివ్ చూసి టైఫాయిడ్ ఖాయం చేసుకోవద్దు, పాత ఇన్‌ఫెక్షన్‌కీ టీకాకీ కూడా అది పాజిటివ్ వస్తుంది. టైఫాయిడ్‌కి మొదటి వారంలో బ్లడ్ కల్చర్ మేలు, అదీ యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందు తీయాల. ‘సైనస్‌కి’ అని రెండు రోజులు ఏదో వాడి వస్తే కల్చర్‌లో ఏమీ పెరగకపోవచ్చు.

స్క్రబ్ టైఫస్‌కి ఒళ్ళంతా వెతకాల. సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పొక్కు చంకలో, గజ్జల్లో, మొలతాడు కింద, ఆడవాళ్ళకి రొమ్ము కింద ఉంటుంది. నొప్పి ఉండదు కాబట్టి మనిషికి తెలియదు. అందరికీ కనబడదు కూడా. పొలం గట్ల మీద, గడ్డిలో పనిచేసేవాళ్ళకి అయిదు రోజులు దాటిన జ్వరం ఉంటే ఆ మాట డాక్టరుకి గుర్తు చెయ్యండి. దానికి డాక్సీసైక్లిన్ పనిచేసినట్టు అమాక్సిసిలిన్ పనిచెయ్యదు.

కావలి_మందులషాపు

అన్నా, అంటే డెంగీ అనుమానం ఉన్నన్నాళ్ళూ జ్వరానికి ఏం ఇవ్వొచ్చు?

గూడూరు_ల్యాబ్

పారాసెటమాల్ తప్ప ఏదీ వద్దు. ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, యాస్పిరిన్ మూడూ రక్తస్రావం పెంచేవే. తలనొప్పి తగ్గాలని కాంబినేషన్ మాత్ర అడిగితే అట్ట వెనక చదివి ఇవ్వండి. జ్వరం దిగాక ఒకటి రెండు రోజులే ప్రమాదం. అప్పుడు కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళలో రక్తం, మత్తు కనబడితే ఇంట్లో పెట్టుకోకూడదు.

కందుకూరు_స్టాఫ్‌నర్సు

పారాసెటమాల్ లెక్క గురించి ఒక మాట. పెద్దవాళ్ళకి డోలో 650 ఒకటి వేసుకుంటే మళ్ళీ వేసుకోవటానికి కనీసం నాలుగు గంటలు, వీలైతే ఆరు గంటలు. రోజు మొత్తానికి 4 గ్రాములు దాటకూడదు. రోజూ మద్యం తాగేవాళ్ళకీ లివర్ జబ్బు ఉన్నవాళ్ళకీ 2 గ్రాములే హద్దు. గండం ఎక్కడొస్తుందంటే, జలుబు మాత్రల్లో కూడా 325 గానీ 500 గానీ మి.గ్రా. పారాసెటమాల్ ఉంటుంది. డోలో వేరే, జలుబు మాత్ర వేరే అనుకుని రెండూ రోజుకి నాలుగుసార్లు వేసుకుంటే 4 గ్రాముల అంచుకి రావటం, దాటటం ఎంతసేపు?

ఇక ముక్కు కడగటం. మందుల కంటే ముందు చెప్పాల్సింది ఇదే, కానీ ఎవరూ చెప్పరు. కావాల్సినవి: 240 మి.లీ. పట్టే మెత్తటి సీసా, ఫార్మసీలో దొరికే ముక్కు కడిగే బాటిలైతే మేలు. కాచి చల్లార్చిన నీళ్ళు. అయోడిన్ కలపని ఉప్పు మూడు చెంచాలకి ఒక చెంచా తినే సోడా కలిపి డబ్బాలో పెట్టుకోండి. ఒకసారికి 240 మి.లీ. గోరువెచ్చటి నీళ్ళలో ఆ పొడి చిన్న చెంచాతో అర, అదీ తలగొట్టి. ఉప్పు తక్కువైతే ముక్కు భగ్గుమంటుంది, ఎక్కువైనా మండుతుంది. ఉత్త నీళ్ళు అసలు పోయకూడదు.

పద్ధతి: సింకు మీదికి వంగి, తల కొద్దిగా పక్కకి తిప్పి, నోరు తెరిచి ‘ఆ’ అంటూ నోటితోనే ఊపిరి పీలుస్తూ పై ముక్కులోకి మెల్లగా నొక్కాలి. రెండో ముక్కులోంచి బయటికి వస్తుంది. సగం సీసా ఒకవైపు, సగం రెండోవైపు. తర్వాత ఒక్కో ముక్కూ విడివిడిగా, నెమ్మదిగా చీదాలి. రెండూ కలిపి మూసి గట్టిగా చీదితే నీళ్ళు చెవి గొట్టంలోకి ఎక్కి చెవిపోటు వస్తుంది. రోజుకి రెండుసార్లు చాలు. ముక్కు రెండువైపులా పూర్తిగా మూసుకుపోయి నీళ్ళు అవతలికి రాకపోతే బలవంతం చెయ్యకండి. చెవిలో నొప్పి, చీము ఉన్నా వద్దు.

పెన్నాగట్టు

కాచటం దేనికి మేడమ్? ఆర్వో నీళ్ళు, 20 లీటర్ల క్యాను నీళ్ళు శుభ్రమైనవే కదా. అవి పోసుకోకూడదా?

కందుకూరు_స్టాఫ్‌నర్సు

తాగటానికి శుభ్రమైనవి వేరు, ముక్కు పైభాగానికి పోయాల్సినవి వేరు. పొట్టలో ఆమ్లం ఉంది, ముక్కులో లేదు. వెచ్చటి మంచినీళ్ళలో బతికే నెగ్లేరియా ఫౌలెరీ అనే అమీబా ముక్కు పైనుంచి నరం వెంబడి మెదడుకి పోతుంది. అరుదే, కానీ సోకితే బతికేవాళ్ళు బహు తక్కువ. కేరళలో ఈమధ్య అమీబా మెదడువాపు కేసులు వచ్చిన సంగతి వార్తల్లో చూశారు. తాగితే రాదు, ముక్కులోకి ఎక్కితేనే వస్తుంది. సముద్రపు ఉప్పు నీళ్ళలో అది బతకదు, కాబట్టి మైపాడు బీచ్‌లో మునిగినా ఆ భయం లేదు. కదలని చెరువుల్లో, ఎండకి కాగిన నీళ్ళలో ముక్కు మూసుకోకుండా దూకటమే ప్రమాదం.

ఆర్వో మిషను ట్యాంకులో, క్యాను మూతి దగ్గర, కుళాయి గొట్టంలో సూక్ష్మజీవులు చేరతాయి. అందుకని ఏ నీళ్ళయినా కళపెళా మరిగాక కనీసం ఒక నిమిషం పొయ్యి మీద ఉంచి, మూతపెట్టి చల్లార్చి, ఆ రోజే వాడాల. సీసాని కూడా వాడిన ప్రతిసారీ కాచిన నీళ్ళతో కడిగి బోర్లించి ఆరబెట్టండి. మూత బిగించి తడిగా ఉంచితే ఎంత కాచినా ఉపయోగం లేదు.

పెన్నాగట్టు

అర్థమైంది మేడమ్. ఆవిరి సంగతి కూడా చెప్పండి. పసుపేసి, జిందాతిలిస్మాత్ వేసి పట్టేది మన ఇళ్ళల్లో అందరూ చేసేదే.

ఈఎన్‌టీ_ఒంగోలు

ఆవిరి కాసేపు హాయినిస్తుంది, జిగటని కొంచెం వదులు చేస్తుంది. జబ్బు రోజులు తగ్గిస్తుందనటానికి గట్టి ఆధారం లేదు. సైనస్ లోపలికి ఆవిరి పోదు, దారి మూసుకుని ఉంది కదా. పెద్దవాళ్ళు రోజుకి ఒకటి రెండుసార్లు, అయిదు నిమిషాలు, ఉత్త నీళ్ళతో పట్టుకుంటే నష్టం లేదు. గిన్నె ఒళ్ళో పెట్టుకుని దుప్పటి కప్పుకునే పద్ధతి మాత్రం వద్దు. ఒరిగితే తొడలూ కడుపూ కాలతాయి. ఎక్కువగా కాలేది పిల్లలకే. అయిదారేళ్ళ పిల్లని ఆవిరి కోసం దుప్పట్లో కూర్చోబెట్టకండి. నీలగిరి తైలం పిల్లలు పొరపాటున కొద్దిగా మింగినా ఫిట్స్ రావచ్చు, అందకుండా పెట్టండి.

కావలి_మందులషాపు

డాక్టరుగారూ, ఒట్రివిన్, నాసివియాన్ లాంటి చుక్కలు నెలల తరబడి కొనేవాళ్ళున్నారు. అవి లేకపోతే నిద్ర పట్టదంటున్నారు.

ఈఎన్‌టీ_ఒంగోలు

అది మందు తెచ్చిపెట్టిన దిబ్బడ. జైలోమెటాజొలిన్, ఆక్సీమెటాజొలిన్ రక్తనాళాల్ని ముడుచుకునేట్టు చేస్తాయి. మూడు రోజులు, మహా అయితే అయిదు. ఆపైన వాడితే మందు దిగగానే నాళాలు ముందుకంటే ఎక్కువ ఉబ్బుతాయి, మళ్ళీ చుక్క వెయ్యాల్సి వస్తుంది. మాన్పించే దారి: ముందు ఒక ముక్కుకి ఆపి, రెండోదానికి కొనసాగించి, వారం పది రోజుల తర్వాత అదీ ఆపటం. ఆ రోజుల్లో ఉప్పునీళ్ళు, డాక్టరు రాసిన స్టిరాయిడ్ స్ప్రే తోడుగా ఉంటాయి. బీపీ ఎక్కువున్నవాళ్ళకి చుక్కలైనా, ముక్కు తెరిచే మాత్రలైనా అడక్కుండా ఇవ్వొద్దు.

మొమెటాసోన్, ఫ్లూటికాసోన్ స్ప్రేలు వెంటనే పనిచెయ్యవు, వారం పడుతుంది. రెండు రోజులు కొట్టి ‘పనిచెయ్యలా’ అని పారేసేవాళ్ళే ఎక్కువ. వాడే తీరులో కూడా తేడా చేస్తారు. తల కొద్దిగా ముందుకి వంచి, కుడి ముక్కుకి ఎడమ చేత్తో, ఎడమ ముక్కుకి కుడి చేత్తో పట్టుకుని కొన చెవి వైపుకి చూపించాలి. ముక్కు మధ్య గోడ మీదికి కొడితే అక్కడ పుండై రక్తం వస్తుంది. గట్టిగా ఎగబీలిస్తే మందంతా గొంతులోకి పోతుంది. ముందు ఉప్పునీళ్ళతో కడిగి పది నిమిషాలాగి కొడితే మందు పొరకి తగులుతుంది.

నెల్లూరు_పిల్లలవార్డు

పిల్లల మాట ఎవరూ రాయలేదు. జ్వరం మందు వయసుని బట్టి కాదు, బరువుని బట్టి: కిలోకి 15 మి.గ్రా., ఆరు గంటలకి ఒకసారి, రోజుకి నాలుగు మోతాదులు మించకుండా. 12 కిలోల బిడ్డకి 180 మి.గ్రా. అంటే 5 మి.లీ.లో 120 మి.గ్రా. ఉండే సిరప్ అయితే 7.5 మి.లీ. 5 మి.లీ.లో 250 ఉండే ఘాటు సిరప్ అయితే 3.6 మి.లీ. చిన్నపిల్లల చుక్కల మందు ఒక్క మి.లీ.లోనే 100 మి.గ్రా., కాబట్టి 1.8 మి.లీ. చుక్కల మందుని సిరప్ అనుకుని 7.5 మి.లీ. పోస్తే 750 మి.గ్రా. లోపలికి పోతుంది. దయచేసి సీసా ఇచ్చేటప్పుడు మి.లీ. అంకె పెన్నుతో అట్టపెట్టె మీద రాయండి. వంటింటి చెంచా వద్దు, మూతతో వచ్చే కొలతో సిరంజో వాడమనండి.

నిమెసులైడ్ అనే జ్వరం, నొప్పి మందుని 12 ఏళ్ళ లోపు పిల్లలకి 2011లోనే మన దేశంలో నిషేధించారు. ఇంట్లో పెద్దవాళ్ళ మాత్ర విరిచి పెట్టేవాళ్ళు ఇంకా ఉన్నారు, అడిగి ఆపండి. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు సిరప్‌లు నాలుగేళ్ళ లోపు పిల్లలకి వాడొద్దని 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ అధికారులు చెప్పారు. మూడు నెలల లోపు బిడ్డకి 100.4 దాటితే మందు పోసి ఇంట్లో చూసుకోవద్దు, నేరుగా ఆసుపత్రికి.

నుదుటి సైనస్ ఏడెనిమిదేళ్ళకి గానీ సరిగా ఏర్పడదు. కాబట్టి నాలుగేళ్ళ పిల్లకి నుదురు నొప్పి అంటే ‘సైనస్’ అనకండి. పిల్లలకి ఒక్క ముక్కులోంచే వాసనతో చీమిడి కారుతుంటే అందులో పూసో, చింతగింజో, స్పాంజి ముక్కో ఇరుక్కుందేమో చూడాలి. బటన్ బ్యాటరీ అయితే గంటల్లో గోడ తినేస్తుంది, రేపు చూద్దాం అనటానికి లేదు.

చీమకుర్తి_క్రషర్

క్వారీలు, పాలిషింగ్ యూనిట్లలో చేసేవాళ్ళకి ఈ ‘సైనస్’ ఏడాది పొడుగునా ఉంటుంది. జ్వరం ఉండదు, తుమ్ములు, ముక్కు దిబ్బడ, గొంతులోకి జిగట దిగటం. అది ఇన్‌ఫెక్షన్ కాదు, రాతి దుమ్ముకి పొర వాచిపోవటం. చేతిరుమాలు కట్టుకుంటే సన్నటి దుమ్ము ఆగదు. ఎన్95 మాస్కు కావాల, అదీ ముక్కు మీద రేకు నొక్కి, పక్కల గాలి పోకుండా. నీళ్ళు పోస్తూ కొయ్యటం మాస్కు కన్నా ముఖ్యం. గ్రానైటులో సిలికా ఉంటుంది, అది ముక్కుతో ఆగదు, ఊపిరితిత్తుల్లో పేరుకుంటుంది. పని దిగగానే ముఖం, ముక్కు కడిగి బట్టలు మార్చుకోవాల.

కనిగిరి, పొదిలి వైపు పొగాకు బ్యారన్ల (ఆకు ఆరబెట్టే కొట్ల) దగ్గర పొయ్యి ఎగదోసేవాళ్ళకీ, ఆకు గ్రేడింగ్ చేసే ఆడవాళ్ళకీ ఇదే బాధ. మన ప్రాంతంలో ఎక్కడ చూసినా సర్కారు తుమ్మే, దాని పుప్పొడికి ఎలర్జీ చాలామందికి ఉంటుంది. కళ్ళ దురద, వరస తుమ్ములు, నీళ్ళలా కారటం ఉంటే ఎలర్జీ. యాంటీబయాటిక్ ఎన్ని కోర్సులు మింగినా అది కదలదు.

ఈఎన్‌టీ_ఒంగోలు

చీమకుర్తి తమ్ముడు చెప్పింది నిజం. ఇంకో రెండు ‘సైనస్’ కాని సైనస్‌లు ఉన్నాయి. ఒకటి పార్శ్వపు నొప్పి, అంటే మైగ్రేన్. అమెరికాలో తమకు సైనస్ తలనొప్పి అని చెప్పుకున్న 2,991 మందిని పరీక్షిస్తే 88 శాతం మందికి మైగ్రేన్ లక్షణాలు తేలాయి. వెలుతురు గిట్టకపోవటం, వికారం, నొప్పి గంటల్లో వచ్చి ఒకటి రెండు రోజుల్లో పోవటం, చీమిడి లేకపోవటం గుర్తులు. మైగ్రేన్‌లో కూడా ముక్కు కారొచ్చు, కళ్ళు నీరుకారొచ్చు, అందుకే పొరబడతారు. రెండోది పన్ను. పై దవడ పళ్ళ వేళ్ళు చెంప సైనస్ అడుక్కి ఆనుకుని ఉంటాయి. ఒకవైపే చీమిడి, కుళ్ళు వాసన ఉంటే డెంటిస్టు చూడాలి. పన్ను బాగుచెయ్యకుండా సైనస్ మానదు.

మొదటి పది రోజుల్లో ఎక్స్‌రే, సీటీ ఏమీ తేల్చవు. మామూలు పడిశం చేసిన 31 మందికి సీటీ తీస్తే 27 మందికి చెంప సైనస్‌లో మార్పులు కనబడ్డాయి. తర్వాత చాలామందికి యాంటీబయాటిక్ లేకుండానే పోయాయి. సీటీ అవసరమయ్యేది 12 వారాలు దాటిన బాధకి, ఆపరేషన్ ఆలోచనకి, ప్రమాదం అనుమానించినప్పుడు.

నిజంగా బాక్టీరియా అని తేలితే మొదటి ఎంపిక అమాక్సిసిలిన్‌తో క్లావులనేట్ (ఆగ్మెంటిన్ అదే), పెద్దవాళ్ళకి అయిదు నుంచి ఏడు రోజులు, భోజనం మొదట్లో వేసుకుంటే విరేచనాల బాధ తగ్గుతుంది. పెన్సిలిన్ పడనివాళ్ళకి డాక్సీసైక్లిన్. అజిత్రోమైసిన్‌ని నిమోకోకస్ అనే సైనస్ బాక్టీరియా ఇప్పుడు చాలాచోట్ల లెక్కచెయ్యటం లేదు, అందుకే మొదట వాడొద్దంటున్నాం. మూడు రోజులకి ఏ మార్పూ లేకపోతే అదే మాత్ర సాగదీయకుండా మళ్ళీ చూపించుకోవాలి.

నెల్లూరు_డయాబెటిక్‌కేర్

షుగర్ ఉన్నవాళ్ళకి లెక్క వేరే. 2021 కోవిడ్ రెండో వేవ్‌లో బ్లాక్ ఫంగస్‌తో వచ్చినవాళ్ళలో అత్యధికులు షుగర్ ఉన్నవాళ్ళే, చాలామంది స్టిరాయిడ్ వాడినవాళ్ళు. ఆ ఏడు మే నెలలో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని ఆరోగ్యశ్రీలో చేర్చింది. కోవిడ్ పోయినా ఆ ఫంగస్ పోలేదు, మన మట్టిలో, గాలిలో ఎప్పుడూ ఉండేదే. షుగర్ అదుపు తప్పి, రక్తంలో కీటోన్లు (ఒక రకం ఆమ్లాలు) పెరిగినప్పుడు పట్టుకుంటుంది. ఒకవైపు చెంప మొద్దుబారటం, ముక్కులో గానీ అంగిట్లో గానీ నల్లటి పెచ్చు, పై పళ్ళు కదలటం, కనురెప్ప వాలటం: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ రాత్రే పెద్దాసుపత్రి. నెల్లూరు, ఒంగోలు సర్వజన ఆసుపత్రుల్లో ఈఎన్‌టీ విభాగాలున్నాయి. ఫంగస్‌ని చంపే ఆంఫోటెరిసిన్ ఇంజెక్షను, చచ్చిన కండ తీసేసే ఆపరేషను రెండూ కలిస్తేనే ఫలితం.

‘జ్వరం సూది’ పేరుతో డెక్సామెథాసోన్ అనే స్టిరాయిడ్ పొడిపించుకోవద్దని ఊళ్ళలో గట్టిగా చెప్పండి. గంటలో జ్వరం జారి మనిషి లేచి కూర్చుంటాడు, షుగర్ 400 దాటుతుంది, లోపల ఫంగస్‌కి అడ్డు పోతుంది.

ఈఎన్‌టీ_ఒంగోలు

షుగర్ లేకపోయినా ఆగకూడని గుర్తులు కొన్ని ఉన్నాయి. కంటి చుట్టూ వాపు, ఎరుపు, ఒకటి రెండుగా కనబడటం, చూపు మందగించటం. నుదుటి మీద మెత్తగా ఉబ్బటం. మెడ బిగిసి తల వంచలేకపోవటం, మాట తడబడటం, ఫిట్స్. కళ్ళ మధ్య సైనస్‌కీ కంటి గూటికీ మధ్య గోడ కాగితమంత పల్చన, పిల్లల్లో చీము అటు తొందరగా దాటుతుంది. పిల్లకి ఒక కన్ను వాచి, జ్వరం ఉంటే చుక్కల మందు వేసి పడుకోబెట్టకుండా 108కి ఫోన్ చెయ్యండి.

కావలి_మందులషాపు

చివరిగా ఒకటి. గర్భిణులు ముక్కు దిబ్బడతో వస్తే మా చేతికి ఏదీ రాదు. ఏం ఇవ్వొచ్చు అక్కా?

కందుకూరు_స్టాఫ్‌నర్సు

ఉప్పునీళ్ళు ధైర్యంగా చెప్పండి, ఏ నెలలోనైనా. జ్వరానికి పారాసెటమాల్. తల కింద ఎత్తు దిండు. గర్భంలో హార్మోన్ల వల్లే ముక్కు పొర ఉబ్బుతుంది, కాన్పయ్యాక రెండు వారాల్లో తగ్గిపోతుంది. దాన్ని ఇన్‌ఫెక్షన్ అనుకోవద్దు. ముక్కు తెరిచే మాత్రలు, డాక్సీసైక్లిన్ వద్దు. ఇబుప్రొఫెన్ 20 వారాలు దాటాక అసలు వద్దు. అమాక్సిసిలిన్ అవసరమైతే గైనకాలజిస్టు రాస్తారు. జ్వరం 101 దాటితే వేచి చూడకుండా అదే రోజు పంపించండి, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మలేరియా రెండూ చూడాల.